గుమ్మడి మలుపులో ఎవరి పాదం

ట్రిప్పు 1140. కింద రేవు నుంచి కొండ మీదికి. సరుకు: ఉప్పు, ఎండుచేపలు, మనుషులు. పాదం: సన్నిబాబు.

ఇంజిన్ సంగతి రాయమని ఘాట్ కమిటీ వారి ఉత్తర్వు కాబట్టి రాస్తున్నాను. ఇంజిన్ టకటకమంటోంది. ఎత్తు మొదలై టర్బో గాలి ఊదడం ఆరంభించగానే లోపల ఎవడో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు ఒకటే చప్పుడు. ఈ ఏడు ఇప్పపూలు సరిగా రాలలేదని మీరు కార్లకి ఇప్పసారా ఆపేసి జొన్నసారా పోయిస్తున్నారు కదా, ఇదంతా దాని పుణ్యమే. ఎంత సారాకి ఎంత గాలి కలపాలి, నిప్పు ఎప్పుడు వెయ్యాలి అన్నది కారు బుర్ర చూసుకునే పని. మా కారు బుర్రకి పుట్టి బుద్ధెరిగాక ఇప్పసారా తప్ప ఇంకోటి తెలీదు. కొత్త సారా నోట్లో పోస్తే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

మీరు అడిగింది అయిపోయింది. ఇక అడగనిది రాస్తాను. ఈ ట్రిప్పుల పుస్తకం మీరెవరూ చదవరని నాకు తెలుసు.

దీన్ని తయారుచేసిన మహానుభావుడెవరో గానీ ప్రతి పేజీలోనూ ‘పాదం ఎవరిది’ అని ఒక గడి గీశాడు. కారు తోలేది నేను. ఎక్సలేటరు తొక్కేది నా కాలు. అయినా నాలుగేళ్లుగా ఆ గడిలో సన్నిబాబు పేరే రాస్తున్నాను. రాయకపోతే స్టాండులో గుమస్తా నా పేరు కొట్టేసి మరీ అతని పేరు రాస్తాడు. బుర్ర కొత్తగా బిగించినప్పుడు తోలేవాడు చెప్పులు విడిచి మొదటి ట్రిప్పు తోలాలి. దాన్ని పాదం పట్టించడం అంటారు. ఎక్కడ గట్టిగా తొక్కాలి, ఎక్కడ తగ్గాలి, ఏ మలుపుకి ఎంత అన్నది బుర్ర అలా నేర్చుకుంటుంది. తర్వాత్తర్వాత మన కాలి కంటే ముందే తనే చేసేస్తుంది. మొదట పట్టించినవాడి పాదం ఆ బుర్రలోంచి ఎప్పటికీ పోదని మా కొండ మీద అందరి నమ్మకం. మా కారుకి పాదం పట్టించినవాడు సన్నిబాబు. రేవులో పడవ తిరగబడి ఆరేళ్ల కిందట పోయాడు. కారు అతని భార్య నూకరత్నానికి మిగిలింది. ఆ నూకరత్నమే ఇప్పుడు నా భార్య.

సగం పైన గుమ్మడి మలుపు ఉంది. ఒకప్పుడు ఎవరిదో గుమ్మడికాయల బండి అక్కడ బోల్తాపడింది, ఇప్పటికీ ఆ లోయంతా తీగలే. అక్కడికి వచ్చేసరికి మా కారు తనంతట తనే కాస్త ముందుగా ఊపు తగ్గిస్తుంది. టర్బో ఉస్సుమంటుంది. మెత్తగా తిరిగి మళ్లీ అందుకుంటుంది. నూకరత్నం పక్కసీట్లో ఉంటే ఆ మలుపు ముందు తల అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంటుంది. దాటాక డాష్‌బోర్డుని చేత్తో ఒకసారి నిమురుతుంది, చంటిపిల్ల వీపు నిమిరినట్టు.

నాలుగేళ్లుగా చూస్తున్నాను. ఆ నిమరడం ఎవరికోసమో నాకు తెలీదా? కడుపు భగ్గుమంటుంది. చచ్చినవాడి మీద కుళ్లేమిటయ్యా అంటారు. మీకేం, మీ పెళ్లాలు మీ కార్లలో కూర్చుంటారు.


ట్రిప్పు 1143. కొండ మీది నుంచి రేవుకి. సరుకు: అల్లం, కాఫీ గింజలు. పాదం: సన్నిబాబు.

రేవులో తవిటమ్మ పిన్ని కొట్టుకి వెళ్లాను. ఘాట్‌లో నడిచే కార్లన్నిటికీ బుర్రలు బాగుచేసేది ఆవిడే. మునిగిపోయిన ఊళ్లలోంచి ఏరుకొచ్చిన బుర్రల బోర్డులు ఆ కొట్టు గోడ నిండా ఎండబెట్టిన చేపల్లా వేలాడుతుంటాయి. ఆవిడ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ బానెట్‌లో తలపెట్టి విన్నది.

“ఇలాగే తోలీవంటే పిస్టను కరిగిపోద్దిరా ఎర్రునాయుడూ. పున్నమి దాకా ఆగదు” అంది.

“ఏటి సెయ్యమంటావు పిన్నీ?”

“మూడు దార్లున్నాయి. ఒకటి మీదపెట్టె. పాత బుర్రకీ సెన్సార్లకీ మద్దిన కూకుని అబద్దాలు సెప్తాది. ఇది జొన్నసారా కాదు, ఇప్పసారాయే అని నమ్మించి పని సేయించుకుంటాది. సవక. కానీ ఎండాకాలం వొస్తే దాని అబద్దం దొరికిపోద్ది. రెండోది, కొత్త బుర్ర ఏసి, పాతదాన్లో పాదం అందులోకి దింపుతాను. నాకు కొంచెం సాకిరీ, నీకు ఏ ఇబ్బందీ ఉండదు. మూడోది ఖాళీ బుర్ర. అఆల కాణ్ణించి నువ్వే నేర్పుకోవాల. అది నేర్సుకునేదాకా నానా తిప్పలూ పడతావు.”

“ఖాళీది కొత్త సారాకి బాగుంటాదేటి?”

“రెండోదీ మూడోదీ ఒకే బోర్డురా. సారా తెలివి రెండింటికీ ఒకటే. పాదమే తేడా.” పొగ పక్కకి వదిలి అంది: “పాదం దింపీద్దారి. మొన్న మీ కారెక్కాను కదా, గుమ్మడి మలుపు కాడ నీళ్లచెంబు ఒళ్లో ఎట్టుకున్నా ఒలకనేదు. అంత మంచి పాదాన్ని పారీసుకుంటారేటి ఎవులైనా?”

అంత మంచి పాదమట! ఆవిడ నోట కూడా అదే మాట. ఆవిడ ఎవరినైనా మెచ్చుకోవడం నేను ఎన్నడూ వినలేదు. విన్నదీ చచ్చిపోయినవాడి గురించి.

“ఉండు, లోపలేటుందో ఓపాలి సూస్తాను” అని వైరు తీసింది.

“వొద్దు” అన్నాను. “ఆడి పాదం నాను సూడక్కర్నేదు.”

తవిటమ్మ నా మొహంలోకి చూసి వైరు మళ్లీ మేకుకి తగిలించేసింది. కొత్తది ఏది వేసినా పాత బుర్రని కమిటీకి ఒప్పజెప్పాలనీ, దాన్ని కడిగి ఇంకో కారుకి ఇస్తారనీ గుర్తుచేసింది. బుర్రలకి ఎంత కరువో మీకు తెలిసిందే.

కడగడం అన్న మాట దారి పొడుగునా నా చెవిలో తియ్యగా మోగుతూనే ఉంది.


ట్రిప్పు 1148. పైకి. సరుకు: ఉప్పు. పాదం: సన్నిబాబు.

స్టాండులో కొండబాబు తగులుకున్నాడు. ఘాట్‌లో అందరికంటే తొందరగా ఎక్కే కారు వాడిది. నోరు కారు కంటే జోరు.

“ఏరా, ఇయ్యాల ఎవులు తోలారు? నువ్వా, సన్నిబాబా?” అన్నాడు. కాఫీలు తాగుతున్న వాళ్లంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో నాలుగు అంటారు.

“బుర్ర మారుస్తన్నావంట కదా, నా పాదం కాపీ దింపించుకో. మీ ఆవిడ కూడా సంతోషిస్తాది” అన్నాడు మళ్లీ.

గ్లాసులో కాఫీ వాడి మొహాన కొట్టాను. చల్లారిన కాఫీయే. వేడిదైతే కొట్టేవాణ్ని కాదనుకోకండి. తర్వాత ఎవరూ నవ్వలేదు గానీ, నేను వెనక్కి తిరగ్గానే సన్నిబాబు పేరు వినబడింది. బతికున్నవాడు కాఫీ పోస్తే గుర్తుండదు, చచ్చినవాడు మాత్రం అందరికీ గుర్తే.

బతికుండగా సన్నిబాబుని నేను ఒక్కసారే చూశాను. అప్పుడు పడవ మీద పనిచేసేవాణ్ని. అతను పడవ ముందు నిలబడి ఈల వేస్తున్నాడు. జనమంతా మాటలు ఆపేసి విన్నారు. నేనూ తెడ్డు వెయ్యడం ఆపి విన్నాను. ఆ ఈల నిజంగా బాగుంది, నా ఏడుపంతా అదే. పాడుగా ఉన్నా బాగుండేది. పెళ్లయ్యాక నేనూ ఎవరూ లేని చోట్ల చాలాసార్లు ప్రయత్నించాను. గాలి వస్తుంది, ఈల రాదు.


ట్రిప్పు 1150. పైకి. సరుకు: చేపలు. నూకరత్నం ఉంది. పాదం: సన్నిబాబు.

ఇంజిన్ కాగిపోతోందని గెడ్డ దగ్గర ఆపాను. నూకరత్నం గెడ్డలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి రేడియేటరులో పోస్తూ మాట ఎత్తింది.

“పాదం దింపీవొచ్చంట కదా మావా. తవిటమ్మ పిన్ని సెప్పింది. దింపించీ.”

“ఖాళీ బుర్ర ఏస్తే పోద్ది. ఎప్పటిదో పాత పాదం, ఎన్నాళ్లని మోస్తాం?” అన్నాను, మామూలుగా అన్నట్టే.

“వొద్దొద్దు. గుమ్మడి మలుపు కాడ అది ఎలా తగ్గుతాదో సూసావు కదా? అది పోకూడదు. ఇంకేటి పోయినా పరవానేదు నాకు.”

“ఏల అంతగా?”

చెంబు పట్టుకున్న చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. సగం నవ్వు వచ్చి ఆగిపోయింది, కళ్లు తడయ్యాయి.

“నీకు తెలీదేటి?” అంది.

తెలీకేం! ఊరంతటికీ తెలుసు, స్టాండంతటికీ తెలుసు, ఈ పుస్తకంలో గడి గీసినవాడికి కూడా తెలుసు. కట్టుకున్నవాడి ఎదుట నిలబడి, పోయినవాడి కోసం కళ్లనీళ్లు పెట్టుకుని, నీకు తెలీదా అని అడుగుతోంది. ఇంకా ఎన్నాళ్లు ముగ్గురం ఈ కారులో తిరగాలి? చేపల పులుసూ అన్నం తెచ్చింది. ఆకలి లేదన్నాను. నిజానికి ఆకలి దంచేస్తోంది. ఆమె బతిమాలుతుందేమో అని చూశాను, బతిమాలలేదు, గిన్నె మూతపెట్టేసింది.


ట్రిప్పు 1152. పైకి. సరుకు: మనిషి. పాదం: సన్నిబాబు.

నెలలు నిండిన పిల్లని రేవు నుంచి ఎక్కించుకున్నాం. ఆసుపత్రి కొండ మీద ఉంది. బ్యాటరీలన్నీ ఆసుపత్రి దీపాలకీ మంచు గిడ్డంగికీ పోతాయి కనుక, కొండెక్కాలంటే మా సారా కార్లే దిక్కు. వెనకసీట్లో నూకరత్నం ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గుమ్మడి మలుపు ఇంకా రెండు మలుపులుందనగా సుత్తి చప్పుడు ఒక్కసారి పెద్దదై ఆగిపోయింది. బుర్ర హడలిపోయి టర్బో మూసేసింది. ఇంక కారులో ఏముంది, నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతున్నారు. ఆ పిల్ల కేకలు పెడుతోంది. నేను స్టీరింగుని బతిమాలుతున్నాను, తిడుతున్నాను, మళ్లీ బతిమాలుతున్నాను. పాక్కుంటూ పాక్కుంటూ గుమ్మడి మలుపు చేరాం. ప్రాణం లేని ఆ కారు అప్పుడు కూడా ముందే తగ్గి, మెత్తగా తిరిగింది.

వెనక నుంచి నూకరత్నం గొంతు వినబడింది: “సూసావా తల్లీ, కుదుపే నేదు. ఇక్కడ ఇది ఎవుల్నీ నొప్పెట్టదు.”

అంత కంగారులోనూ నా కడుపు మండింది. సిగ్గులేని కడుపు. కారు చస్తోంది, పిల్ల చస్తానంటోంది, అప్పుడు కూడా మెప్పు వాడికే.

ఆసుపత్రి అరుగు మీద కానుపైంది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నూకరత్నం ఆ పసిగుడ్డుని ఎత్తుకుని చాలాసేపు ఇవ్వలేదు, నర్సు చెయ్యి చాపి అడగాల్సి వచ్చింది.

కమిటీ వారు అక్కడే చెప్పారు, పున్నమిలోగా బుర్ర మార్చకపోతే మా కారు రోడ్డెక్కకూడదని. సంతోషం. నేనూ ఇక ఆగలేను.


ట్రిప్పు 1154. పైకి. సరుకు లేదు. పాదం: ఎర్రునాయుడు.

చూశారా గడి? పెద్ద అక్షరాలతో రాశాను. గుమస్తా కూడా ఏమీ అనలేకపోయాడు.

పాదం దింపించడానికి వెళ్తున్నానని నూకరత్నానికి చెప్పి బయల్దేరాను. తవిటమ్మకి మాత్రం ఖాళీ బుర్ర వెయ్యమన్నాను.

“రత్నం ఏటంది?” అని అడిగింది.

“నీ ఇష్టం అన్నాది.” మీదపెట్టె ఒక్కటేనా అబద్ధాలు చెప్పేది, నేనూ చెప్పగలను.

పాత బుర్ర ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఇంతుంది, అరచేతిలో పట్టేంత. ఒక పక్కన ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది.

“కడిగే ముందు ఓపాలి సూద్దారేటి? కడిగినాక మళ్లీ రాదు మరి” అంది.

“కడిగీ పిన్నీ.”

కడిగేసింది. ఆకుపచ్చ దీపం ఆరి, మళ్లీ ఎర్రగా వెలిగింది. నాకు లోపలెక్కడో ఈల ఆగినట్టయింది. తవిటమ్మకి కనబడకుండా అటు తిరిగి నవ్వుకున్నాను. పెళ్లినాడు కూడా అంత సంబరపడలేదు నేను.

చెప్పులు విడిచి ఒక్కణ్నే పైకి తోలాను. అబ్బ, ఏం లాగుడు! జొన్నసారాని మంచినీళ్లలా తాగేస్తోంది. సుత్తి లేదు, వేడి లేదు. టర్బో మొదలైతే వీపు సీటుకి అతుక్కుపోతోంది. మలుపుల్లో అడ్డదిడ్డంగా దూకుతోంది నిజమే, దానికింకా ఏమీ రాదు కదా. గుమ్మడి మలుపు దగ్గర టైర్లు కీచుమన్నాయి. కీచుమనని. ఆ కీచు నాది. స్టాండులో కొండబాబు చూస్తుండగా ఆపి, చెప్పుల్లేని కాళ్లు బానెట్ మీద పెట్టుకుని కాఫీ తాగాను.


ట్రిప్పు 1156. పైకి. సరుకు: చేపలు. నూకరత్నం ఉంది. పాదం: ఎర్రునాయుడు.

ఈ ట్రిప్పు రాయాలని లేదు. రాస్తాను.

బయల్దేరినప్పటి నుంచీ ఆమె హుషారుగానే ఉంది. చప్పుడు పోయిందని సంతోషపడింది. మిగతా మలుపుల్లో కుదుపులు చూసి, కొత్తది కదా సర్దుకుంటాదిలే అంది. గుమ్మడి మలుపు వస్తోందనగా ఎప్పట్లాగే తల అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ తొక్కుతూనే ఉన్నాను.

తల అద్దానికి ఠక్కున కొట్టుకుంది.

ఆమె కళ్లు తెరిచింది. తల పట్టుకోలేదు. డాష్‌బోర్డు వంక చూసింది, నా కాలి వంక చూసింది.

“కడిగించీసావేటి?” అంది.

నేను ఇంకా తొక్కుతూనే ఉన్నాను.

“కారాపు.”

ఆపాను. ఆపాక నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది. “ఔను, కడిగించీసాను. ఎన్నాళ్లని సన్నిబాబుతో కాపరం సేస్తావు? ఈ మలుపొచ్చిందంటే సాలు కళ్లు మూసుకుంటావు, ఆణ్ని నిమురుతావు. నాను గుడ్డోణ్నేటి?” అని అరిచాను.

“సన్నిబాబేటి మద్దిన?” అంది. నిజంగానే అర్థంకానట్టు అడిగింది. నెమ్మదిగా అర్థమైంది ఆమెకి. మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కోపమొచ్చినా బాగుండేది.

“సన్నిబాబు ఈ మలుపులో ఏనాడూ కాలు తియ్యనేదు. ఈల ఏసుకుంటా తొక్కీసీవోడు. నాను సీటు పట్టుకుని పళ్లు బిగించుకుని కూకునేదాన్ని.” గుమ్మడి తీగల వంక చూస్తూ మళ్లీ మొదలెట్టింది. “మన పెళ్లయిన తొలి వానాకాలం నాకు నెల తప్పింది కదా. కారెక్కితే సాలు వాంతులు. అద్దానికి తలాన్చి పడుకునేదాన్ని. ఈ మలుపులో నా తల గుద్దుకుంటాదని నువ్వు ముందే కాలు తీసీవోడివి. నిద్దరోతన్నాననుకునేవోడివి. నాను నిద్దరోనేదు మావా. రోజూ సూసీదాన్ని.”

నేను ఇంజిన్ ఆపేశాను.

“ఆ బిడ్డ నిలవనేదు. అయినా నువ్వు కాలు తియ్యడం మాననేదు. అలాగలాగ కారుకీ అదే అలవాటైపోనాది. ఆ బిడ్డకి పేరు నేదు, ఫొటో నేదు. ఈ మలుపొక్కటే ఉంది నాకు. నీకూ అంతే అనుకున్నాను.”

కారు దిగి వెనక చేపల గంపల మధ్యకి వెళ్లి కూర్చుంది.

బిడ్డ సంగతి నేను మరిచిపోలేదు. అది ఎలా మరిచిపోతాను? నా కాలు చేసిన పనే నాకు తెలీదు. నా కాలిని నేను ఎన్నడూ చూసుకోలేదు. చూస్తున్నదంతా వాడినే.


ట్రిప్పు లేదు.

కారు ఇంటి దగ్గరే వదిలి, కొండ దిగి తవిటమ్మ కొట్టుకి పరుగెత్తాను. పాత బుర్ర ఏదని అడిగాను. కమిటీవాళ్లు పట్టుకెళ్లారట, ఇంకో కారులో బిగించేశారట.

“అందులో పాదం మళ్లీ తియ్యలేమేటి పిన్నీ? కొంచెమైనా?”

“కడిగినాక ఏటుంటాదిరా?”

“అది నాదంట. సన్నిబాబుది కాదంట.”

తవిటమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. “నీది కాక ఇంకెవులిది? బుర్రకి సన్నిబాబేటి సుట్టమా? ఎవుడు రోజూ తొక్కితే ఆడి పాదమే. ఏడాది తిరిగీసరికి పాతోడిది చెరిగిపోద్ది.”

“మొదటి పాదం పోదని అందరూ అంటారు.”

“అందరూ అంటారు! అందరూ వొచ్చి బుర్రలు బాగుసేస్తారేటి? మంచి పాదమని నాను మెచ్చుకున్నది ఎవుల్ననుకున్నావు, సచ్చినోణ్నా? వైరెట్టి సూద్దారని రెండుపాలు అన్నాను కదరా.”

అన్నది. రెండుసార్లూ వద్దన్నాను. ఆవిడ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని పనిలో పడింది. నేను ఆ గోడకి వేలాడుతున్న బోర్డులన్నీ ఒక్కొక్కటే చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎందుకు చూశానో తెలీదు.


ట్రిప్పు 1164. పైకి. సరుకు: ఉప్పు, చేపలు. నూకరత్నం వెనక ఉంది. పాదం:

గడి ఖాళీగా వదిలాను. గుమస్తా అడిగాడు. నోరు ముయ్యమన్నాను.

నూకరత్నం మాట్లాడుతోంది. ఉప్పు దించు, గిన్నె అందుకో, ఇలాంటివి. కూర్చోవడం మాత్రం గంపల మధ్యే. నేను ప్రతి ట్రిప్పులోనూ గుమ్మడి మలుపులో కాలు తీస్తున్నాను. ముందుగా తీస్తే కారు చతికిలబడి వెనకవాడు హారను కొడుతున్నాడు. ఆలస్యంగా తీస్తే కుదుపు. మధ్యలో ఎక్కడో ఆ చోటుంది, నా కాలికి దొరకడం లేదు. ఇన్నేళ్లూ కారే చేసిపెట్టింది కదా, కాలు మరిచిపోయింది. బుర్ర కూడా తెలివైనదే, నా తప్పులన్నీ శ్రద్ధగా నేర్చుకుంటోంది.

సన్నిబాబు మీద కుళ్లు పోయింది. పాపం, ఈల వేసుకుని తన దారిన తను పోయాడు. ఇప్పుడు నా ఏడుపంతా ఇంకొకడి మీద. వాడు నాలుగేళ్ల కిందటి ఎర్రునాయుడు. పడవ మీంచి దిగి అప్పుడప్పుడే తోలడం నేర్చుకున్నవాడు, ఘాట్ గురించి ఏమీ తెలీనివాడు. వాడికి ఎవరూ చెప్పలేదు, వాడు లెక్కలు వేసుకోలేదు. పక్కన ఆమె పడుకుంది, తల కొట్టుకుంటుందని కాలు తీశాడు, అంతే. నేను తీస్తున్నది ఆమె మళ్లీ ముందుసీట్లోకి రావాలని. అందుకే కుదరడం లేదేమో. ఆమె కళ్లు మూసుకున్నది వాడి కోసం. నిమిరింది వాడినే. వెధవ, ఎంత బాగా తోలేవాడు.


ట్రిప్పు 1172. పైకి. సరుకు: చేపలు. నూకరత్నం ముందుసీట్లో ఉంది. పాదం: ఇంకా ఎవరిదీ కాదు.

గెడ్డ దగ్గర నీళ్లు పోశాక వెనక్కి వెళ్లలేదు. వచ్చి పక్కన కూర్చుంది. తువ్వాలు మడతపెట్టి అద్దానికీ తలకీ మధ్యలో పెట్టుకుంది.

“నీ కోసం కాదు” అంది.

“తెలుసు” అన్నాను.

కొంత దూరం పోయాక తనే చెప్పింది. “ఎక్కడ తియ్యాలో నీకు తెలవట్లేదు. వెనక కూకుని సూస్తన్నాను కదా. మలుపు ముందు రాయి దాటాక తీస్తన్నావు. అది కాదు. నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు? కళ్లు మూసుకునీదానివి కదేటి.”

“కళ్లు మూసుకున్నాను కాబట్టే తెలుసు.”

గుమ్మడి తీగలు కనబడ్డాయి. ఆమె తల తువ్వాలుకి ఆనించి కళ్లు మూసుకుంది. కుడిచెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది. నేను చెప్పులు విడిచేశాను.

ఆమె లోపల ఆ పాదాన్ని గుర్తుచేసుకుంటోంది. దాన్నంతటినీ ఒక్క మలుపూ పోకుండా దాచుకుంది. ఎవడి పాదమో ఈసారి నాకు బాగా తెలుసు. అయినా వాడి మీద కడుపు మండుతూనే ఉంది.

“ఇప్పుడు” అంది.

కాలు తీశాను.